బెంచి మీద కుర్రాడు, గ్యాలరీలో గొడవ

రెండు సంచికల క్రితం ఒక పాఠకుడు ఒకే ఒక్క ప్రశ్న పంపారు. "మా యూనివర్సిటీ జట్టులో ఈ ఏడాది చేరిన ఫ్రెష్‌మన్ గార్డ్ (మొదటి ఏడాది విద్యార్థి, బంతిని నడిపించే ఆటగాడు) ఎందుకింత ఘోరంగా ఆడుతున్నాడు?" అని. ఇంకో ఏడాది ఆగి చూడమని నేను నాలుగు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకున్నాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే, అమెరికాలో ఉన్న మనవాళ్లు కాలేజీ బాస్కెట్‌బాల్‌ని ఇంత మనసుకు పట్టించుకుంటున్నారా అని ఆశ్చర్యం వేసింది. సగం మంది కుర్రాడిని తిట్టారు. మిగతా సగంలో ఎక్కువమంది కోచ్‌ని, కొందరు నన్ను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ కుర్రాడికే ఇచ్చేస్తున్నాను. పేరు మాత్రం రాయను. అడిగినవాళ్లకి ఎలాగూ తెలుసు, తెలియనివాళ్లకి అవసరం లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. నేను ఒక చిన్న కాలేజీ జట్టుకి స్టాట్ క్రూలో, అంటే మ్యాచ్ లెక్కలు రాసే బృందంలో, పనిచేస్తాను. కోర్టు అంచున బల్ల వెనక కూర్చుని "ఇరవై రెండు, షాట్, మిస్... పదకొండు, రీబౌండ్" అని పైకి చెబుతుంటే పక్కన కూర్చున్న అబ్బాయి కంప్యూటర్‌లో కొడుతుంటాడు. టీవీలో చూసేవాళ్లకి బంతి కనిపిస్తుంది, మాకు కాళ్లు కనిపిస్తాయి. నా జవాబులన్నీ ఆ కుర్చీలోంచి వచ్చేవే.

ప్రశ్న: మేడమ్, నాలుగు నక్షత్రాల రేటింగ్‌తో వచ్చాడు. హైస్కూల్లో వీడియోలు చూసి మేమంతా ఎగిరి గంతేశాం. ఇక్కడికొచ్చాక బంతి పట్టుకుంటే ఏం చేయాలో తోచనట్టు నిలబడతాడు. రేటింగ్ ఇచ్చినవాళ్లు కళ్లు మూసుకుని ఇచ్చారా? (సీజన్ టికెట్ ఉన్న ఒక అభిమాని)

కళ్లు తెరిచే ఇచ్చారు. కాకపోతే వాళ్లు చూసింది వేరే ఆట. హైస్కూల్లో అతన్ని కాసినవాళ్లలో చాలామంది కాలేజీలో ఆడే స్థాయి ఉన్నవాళ్లు కారు. ఒక్క అడుగు వేగంగా వేస్తే దారి తెరుచుకునేది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది 22 ఏళ్లో 23 ఏళ్లో ఉన్న మనిషి, రెండు మూడు జట్లు మారి వచ్చినవాడు, ఇతని మొదటి అడుగుని భుజంతో ఆపగలడు. పైగా చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ ఆటకి షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక ఇంతలోపు షాట్ వేయాలనే గడువు) ఉండదు. కాలేజీలో 30 సెకన్లు. అందులో బంతిని సగం కోర్టు దాటించి, ఎవరెక్కడ నిలబడాలో చూసుకునేసరికి పది పన్నెండు అయిపోతాయి. మీరన్న 'తోచనట్టు నిలబడటం' అక్కడే జరుగుతుంది. అతనికి ఏం చేయాలో తెలుసు, కాని తెలిసేలోపు దారి మూసుకుపోతోంది.

నేనతన్ని నేరుగా చూశాను. నవంబరులో పెద్ద యూనివర్సిటీలు మా లాంటి చిన్న జట్లకి డబ్బిచ్చి తమ కోర్టుకి పిలిపించుకుని ఆడతాయి. అలా మావాళ్లతో పాటు వెళ్లి మా బెంచి వెనక వరుసలో కూర్చున్నాను. మొదటి సగంలో అతను కార్నర్ నుంచి ఒక మూడు పాయింట్ల షాట్ వేశాడు. మంచి షాట్, తొందరపడలేదు, పడలేదు అంతే. బంతి రింగుకి తగిలిన క్షణంలో అతని తల కోచ్ వైపు తిరిగింది. నిండా ఒక సెకను కూడా ఉండదు ఆ చూపు. ఆ సెకనులో మా గార్డ్ అతన్ని దాటిపోయాడు, అటువైపు సులువుగా లేఅప్ వేసి వచ్చాడు. స్కోరుబోర్డులో అది మా రెండు పాయింట్లు. మా పట్టికలో అతని పేరు ఎదురుగా ఒక మిస్ మాత్రమే ఉంటుంది. నా లెక్కలో మాత్రం షాట్ పోవడం తప్పు కాదు, ఆ చూపు తప్పు. తప్పు చేస్తే బయటికి పిలుస్తారన్న టెన్షన్‌తో ఆడుతున్న కుర్రాడు అలాగే చూస్తాడు.

అది మారుతుందా అంటే, మారినవాళ్లున్నారు. విస్కాన్సిన్‌లో ఫ్రాంక్ కమిన్‌స్కీ మొదటి ఏడాది మ్యాచ్‌కి 1.8 పాయింట్లు, రెండో ఏడాది 4.2. ఆ తర్వాత 13.9, చివరి ఏడాది 18.8. 2015లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడిగా అవార్డులు అతనికే వచ్చాయి. రసెల్ వెస్ట్‌బ్రూక్ యూసీఎల్ఏలో ఫ్రెష్‌మన్‌గా 3.4 పాయింట్లు. మరుసటి ఏడాది 12.7, ఆ వేసవిలోనే 2008 ఎన్బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమంలో) నాలుగో ఎంపిక. అయితే ఈ పేర్లు చూసి 'మనవాడూ అంతే' అని సంబరపడకండి. మనకి గుర్తున్నది గెలిచినవాళ్లే. మొదటి ఏడాది 3 పాయింట్లు, నాలుగో ఏడాది 5 పాయింట్లు వేసి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయినవాళ్లు బోలెడంత మంది. వాళ్ల పేర్లు ఎవరూ ఉత్తరాల్లో రాయరు. కమిన్‌స్కీ సంగతి నాకు చెప్పేది ఒక్కటే. మొదటి ఏడాది పాయింట్లు చూసి తీర్పు రాసేయడానికి అవి చాలవు, అటైనా ఇటైనా.

(ఉత్తరాల్లో మైకేల్ జోర్డాన్‌ని హైస్కూల్ జట్టులోంచి 'గెంటేశారు' అని మళ్లీ చాలామంది రాశారు. గెంటేయలేదు. పదో తరగతిలో సీనియర్ జట్టుకి బదులు జూనియర్ జట్టులో వేశారు, అక్కడ బ్రహ్మాండంగా ఆడాడు. కాలేజీలో ఫ్రెష్‌మన్‌గా 1982 ఫైనల్లో జార్జ్‌టౌన్ మీద గెలుపు షాట్ వేసింది కూడా అతనే. మన కుర్రాడికి ఆయన ఏ విధంగానూ పోలిక కాడు, దయచేసి వదిలేయండి.)

ప్రశ్న: మూడు పాయింట్ల షాట్ మూడింట ఒకటి కూడా పడటం లేదు. అయినా వేస్తూనే ఉంటాడు. వేయడం మానెయ్యరా అని కోచ్ ఒక్క మాట చెప్పలేడా? (టెక్సాస్ నుంచి ఒక ఇంజనీరు)

మీరు ఇంజనీరు కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. ఒక ఫ్రెష్‌మన్ సీజన్ మధ్యకి వచ్చేసరికి 60 షాట్లు వేశాడనుకోండి. 20 పడితే 33 శాతం, 'పర్వాలేదు' అంటాం. 16 పడితే 27 శాతం లోపు, 'వీడికి షాటే లేదు' అంటాం. మధ్యలో తేడా నాలుగు షాట్లు. రింగు మీద తిరిగి బయటికి దొర్లిపోయినవి ఒక నాలుగు. నిజంగా 33 శాతం సామర్థ్యం ఉన్నవాడికి కూడా 60 షాట్లలో 16 లేదా అంతకంటే తక్కువ పడే అవకాశం సుమారు ఆరింట ఒకటి ఉంటుంది. పాచికలో ఒకటి పడ్డంత మామూలు విషయం. దాని మీద ఒక మనిషి భవిష్యత్తు గురించి మీరు మూడు పేజీలు రాశారు.

శాతం పక్కనపెట్టి షాట్ చూడండి. పొట్టిగా పడి రింగు ముందంచుకి తగులుతోందా, లేక కుడికో ఎడమకో పోతోందా? పక్కకి పోతే చేతిలో, మోచేతి కోణంలో దోషం ఉందని అనుమానించాలి, అది మార్చడం కష్టం. పొట్టిగా పడితే సాధారణంగా కాళ్ల అలసట. హైస్కూల్లో మూడు పాయింట్ల గీత 19 అడుగుల 9 అంగుళాలు. కాలేజీ పురుషుల ఆటలో 2019-20 నుంచి అది 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళం. అంటే దాదాపు రెండున్నర అడుగులు వెనక్కి. ఆ రెండున్నర అడుగుల బలం చేతులు ఇవ్వవు, మోకాళ్లు ఇవ్వాలి. తనకంటే బరువైనవాళ్లని కాస్తూ, స్క్రీన్లకి (దారికి అడ్డంగా నిలబడే ఎదుటి జట్టువాళ్లకి) గుద్దుకుంటూ పరిగెత్తాక ఆ మోకాళ్లలో ఏం మిగులుతుంది? నేను చూసిన మ్యాచ్‌లో అతని మిస్‌లన్నీ పొట్టివే. ఫ్రీ త్రోలు మాత్రం నిబ్బరంగా వేశాడు. చేతిలో దోషం ఉంటే 15 అడుగుల గీత దగ్గర, ఎవరూ అడ్డం లేనప్పుడు, బయటపడిపోయేది. అందుకే స్కౌట్లు కూడా కుర్రాళ్ల షాట్ అంచనా వేసేటప్పుడు ముందు ఫ్రీ త్రో శాతం చూస్తారు. వేసవిలో బరువులెత్తి కాళ్లు గట్టిపడితే ఈ భాగం బాగుపడుతుందని నా నమ్మకం.

ఇక వేయడం మానేస్తే ఏమవుతుందో చెప్తాను. అతను వేయడని తెలిసిన మరుక్షణం అతన్ని కాసేవాడు అతన్ని వదిలేసి రింగు ముందుకొచ్చి నిలబడతాడు. అప్పుడు మీ సీనియర్ గార్డ్ లోపలికి దూసుకెళ్లడానికి దారి ఉండదు, మీ సెంటర్‌కి బంతి అందదు. మీరు మళ్లీ ఉత్తరం రాస్తారు, ఈసారి సెంటర్ మీద. పడినా పడకపోయినా, ఖాళీగా ఉన్నప్పుడు వేయాల్సిందే. కోచ్ ఆపకపోవడం చేతకాక కాదు.

ఓక్లహోమాలో బడ్డీ హీల్డ్ ఫ్రెష్‌మన్‌గా మూడు పాయింట్ల షాట్లలో 24 శాతం వేశాడు. వేయడం మానలేదు. నాలుగో ఏడాదికి అది 46 శాతం దగ్గరికి చేరింది, మ్యాచ్‌కి 25 పాయింట్లు, జట్టు 2016లో ఫైనల్ ఫోర్‌కి (దేశ టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్ల దశకి) వెళ్లింది. (ఇది రాస్తూ, పైన వెలిగిన పేర్లు చూసి సంబరపడొద్దన్నది నేనే అని గుర్తుంది. షాట్ వేయొద్దని ఎవరూ అతన్ని ఆపలేదన్న సంగతి చెప్పడానికే రాశాను.)

ప్రశ్న: ఆడకపోతే పోనీ, ఆ మొహం ఏమిటండీ? బెంచి మీద టవల్ నెత్తిన వేసుకుని కూర్చుంటాడు. తోటివాడు షాట్ వేస్తే చప్పట్లు కూడా కొట్టడు. పొగరుబోతు అని మా ఇంట్లో అందరం తేల్చేశాం. (నార్త్ కరోలినా నుంచి ఒక కుటుంబం)

ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చేశారా! సరే.

మీరు చూసేది కెమెరా చూపించింది. ఓడిపోతున్న జట్టు బెంచి మీద కెమెరామన్ ఎప్పుడూ ముడుచుకున్న మొహం కోసమే వెతుకుతాడు. ఎందుకంటే కామెంటేటర్‌కి మాట్లాడటానికి అదే పనికొస్తుంది. చప్పట్లు కొడుతున్న పదిమంది మీద ఎవరూ జూమ్ చేయరు. నేను వెళ్లిన రోజు కూడా టవల్ నెత్తినే ఉంది. రెండో సగంలో ఒక టైమౌట్ అప్పుడు అందరూ కోచ్ చుట్టూ మూగి విడిపోయాక, అతను స్కాలర్‌షిప్ కూడా లేని ఒక వాకాన్ కుర్రాడిని ఆపి, తన అరచేతి మీద వేలితో గీస్తూ ఏదో చూపించాడు. ఇక్కడ స్క్రీన్, నువ్విటు రా, అన్నట్టు. ఇద్దరూ ఆడటం లేదు, ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడే సూచన కూడా లేదు. పొగరున్నవాడు ఆ పని చేయడు. అది టీవీలో వచ్చి ఉండదు.

మొహాలు చదవడంలో మనం ఎంత ఘనులమో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. 2014 ఫిబ్రవరిలో ఓక్లహోమా స్టేట్ గార్డ్ మార్కస్ స్మార్ట్, టెక్సాస్ టెక్ కోర్టులో ప్రేక్షకుల్లోకి పడిపోయి, లేచి, అక్కడున్న ఒక అభిమానిని తోశాడు. మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. అది తప్పే, అతను క్షమాపణ కూడా చెప్పాడు. ఆ వారమంతా టీవీల్లో 'ఇతని స్వభావమే ఇంత, భవిష్యత్తు లేదు' అన్న మాటలు. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో ఆరో ఎంపిక అయ్యాడు, 2022లో ఎన్బీఏ ఉత్తమ డిఫెండర్ అవార్డు తీసుకున్నాడు. ఆ మొండితనాన్నే తర్వాత 'కసి' అన్నారు.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. ఒకే చూపుని ఒక కుర్రాడిలో ఏకాగ్రత అని, ఇంకో కుర్రాడిలో పొగరు అని పిలవడం ఈ ఆటలో ఎప్పట్నుంచో ఉంది. ఆ తేడాలో ఒంటి రంగుకి వాటా లేదని నేననను. మన ఉత్తరాల్లో కూడా ఆ వాసన తగిలింది. కొన్ని పక్కన పడేశాను.

అతను లోపల ఏమనుకుంటున్నాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు. వర్జీనియా యూనివర్సిటీ 2018 మార్చిలో యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడింది. పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ (ర్యాంకుల్లో అందరికన్నా పైనున్న జట్టు) పదహారో సీడ్ (అందరికన్నా కిందున్న జట్టు) చేతిలో ఓడటం అదే మొదటిసారి. ఆ జట్టు గార్డ్ కైల్ గై తన యాంగ్జయిటీ గురించి తర్వాత బహిరంగంగానే రాసుకున్నాడు. కోర్టులో చూస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఏడాది తిరిగాక 2019 ఫైనల్ ఫోర్‌లో ఆబర్న్ మీద 0.6 సెకన్లు మిగిలి ఉండగా, రెండు పాయింట్లు వెనకబడి ఉండగా, మూడు ఫ్రీ త్రోలకి నిలబడ్డాడు. మూడూ వేశాడు, 63-62. రెండు రోజుల తర్వాత కప్పు వాళ్లదే. ఆ మూడు షాట్ల ముందు మొహం చూసి ఎవరైనా అతని గుండె దడ లెక్కపెట్టగలిగేవారా?

చప్పట్ల సంగతి మాత్రం మీతో ఒప్పుకుంటాను. లేచి కొట్టాలి. అది మొహం సంగతి కాదు, బెంచి పని. కోచ్ చెప్పే ఉంటాడు, ఇంకా చెప్పాలి.

ప్రశ్న: కార్ల ప్రకటనలో పళ్లికిలిస్తాడు, కోర్టులో నవ్వడు. ఆ షూటింగుల వల్ల ప్రాక్టీసు పాడవుతోంది. వాళ్లమ్మకి కూడా మెసేజిలు పెట్టాను. డబ్బు తీసుకుంటున్నాడు కదా, ఇక ప్రొఫెషనల్ కిందే లెక్క. మేం ఏమన్నా పడాలి. (ఒహాయో నుంచి పేరు వద్దన్న పాఠకుడు)

డబ్బు సంగతి నిజం. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరూ బొమ్మా వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో ఇక యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అది అన్ని ఆటలకీ, అందరు ఆటగాళ్లకీ కలిపి. అందులో బెంచి మీది ఫ్రెష్‌మన్‌కి ఎంత వస్తుందో ఊహించుకోండి. కోచ్ జీతం గురించి మాత్రం ఇన్ని ఉత్తరాల్లో ఒక్కరూ అడగలేదు, అదేమిటో.

డబ్బు తీసుకుంటున్నాడు కాబట్టి ఆటని విమర్శించొచ్చు. స్క్రీన్ దగ్గర కిందనుంచి వెళ్లాడు, పైనుంచి వెళ్లాల్సింది, అనండి. రెండో ఫౌల్ బుద్ధి తక్కువ ఫౌల్, అనండి. నేనూ అంటాను. వాళ్లమ్మగారికి మెసేజిలు పెట్టే హక్కు ఏ ప్రకటనతోనూ రాదు. మీరు పెట్టానని గొప్పగా రాశారు కాబట్టే మీ పేరు నేనూ వేయడం లేదు, మీరు అడక్కపోయినా వేసేదాన్ని కాదు.

ఇక ప్రకటన షూటింగ్ వల్ల ప్రాక్టీసు పాడవుతోందన్నారు. సీజన్‌లో జట్టుగా చేయించే ప్రాక్టీసుకి కాలేజీ ఆటల్ని నడిపించే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితే వారానికి 20 గంటలు. ఒక మధ్యాహ్నం కారు పక్కన నిలబడితే షాట్ పోదు. నవ్వమని డబ్బిచ్చారు, నవ్వాడు.

ఈ డబ్బు విషయంలో మన పాఠకులకి బాగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. పర్డ్యూలో ఆడిన జాక్ ఈడీ కెనడావాడు, స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. ఎఫ్-1 మీద వచ్చిన మన పిల్లలు క్యాంపస్ బయట పనిచేయడానికి ఎన్ని రూల్స్ ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. అవే రూల్స్ అతనికీ. వరసగా రెండేళ్లు, 2023లో, 2024లో, దేశంలోనే ఉత్తమ ఆటగాడు. అయినా పక్కన ఆడే అమెరికన్ కుర్రాళ్లు చేసుకున్నట్టు ప్రకటనలు చేసుకోలేకపోయాడు. అతనూ ఫ్రెష్‌మన్‌గా 8.7 పాయింట్లతోనే మొదలుపెట్టాడు.

ప్రశ్న: బ్రానీ జేమ్స్‌కి కాలేజీలో 4.8 పాయింట్లే. ఎన్బీఏ తీసుకుంది. మనవాడు ఏం తక్కువ? (కాలిఫోర్నియా నుంచి)

తండ్రి పేరు తక్కువ. బ్రానీ తండ్రి ఎన్బీఏ దిగ్గజం లెబ్రాన్ జేమ్స్. అది కాదనే అమాయకురాలిని కాను. కాని బ్రానీ ఆ 4.8 పాయింట్లు ఎలాంటి ఏడాదిలో వేశాడో కూడా చూడాలి. 2023 జులై 24న ప్రాక్టీసులో గుండె ఆగిపోయి పడిపోయాడు. ఆ డిసెంబరు 10న మొదటి మ్యాచ్ ఆడాడు. మొత్తం 25 మ్యాచ్‌లు. వేసవి ప్రాక్టీసు, సీజన్ ముందు నెలలు, ఫ్రెష్‌మన్ నేర్చుకునేదంతా ఆ కాలంలోనే నేర్చుకుంటాడు, అదంతా పోయింది. 2024లో 55వ ఎంపికగా లేకర్స్ తీసుకుంది. ఇంటిపేరు లేకపోతే ఆ ఏడాది తీసుకునేవారు కాదు, ఇంకో ఏడాది కాలేజీలో ఆడేవాడు, బహుశా అదే అతనికి మేలయ్యేది. మీ కుర్రాడికి ఆ మేలు ఉచితంగా దొరుకుతోంది. అతన్ని ఇప్పుడే డ్రాఫ్ట్‌లోకి తోసెయ్యాలని మీకెందుకు?

ప్రశ్న: సీజన్ అయిపోగానే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (జట్టు మారాలనుకునేవాళ్ల జాబితాలో) పేరు వేస్తాడని అంటున్నారు. చిన్న జట్టుకి వెళ్లి 30 నిమిషాలు ఆడితే బాగుపడతాడేమో. పోనివ్వడమే మంచిదా? (ఇండియానా నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

మాస్టారూ, పోనివ్వడానికీ ఆపడానికీ మనమెవరం? 2024 నుంచి చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లయినా జట్టు మారొచ్చు, ఒక ఏడాది కూర్చోవాల్సిన పని లేదు. ఆ కుర్రాడు నన్నడిగితే (అడగడు) మూడు సంగతులు కనుక్కోమంటాను. వచ్చే ఏడాది అతని స్థానంలో ఆడే సీనియర్లలో ఎవరు వెళ్లిపోతున్నారు? కోచ్ ఉంటాడా? ఇప్పుడు షాట్ దిద్దుతున్న అసిస్టెంట్ కోచ్ ఉంటాడా? మూడోది అన్నిటికన్నా ముఖ్యం, దాన్నే ఎవరూ పట్టించుకోరు. కొత్తచోటికి వెళ్తే కొత్త అసిస్టెంట్, కొత్త మాట, మోచెయ్యి ఇంకోలా పెట్టమంటాడు. ఇంకోటి, పోర్టల్‌లో పేరు వేశాక పాత యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కొనసాగించి తీరాలన్న నియమం లేదు. వెళ్లినవాళ్లందరికీ చోటు దొరకడమూ లేదు.

చిన్న జట్టుకి వెళ్లి 30 నిమిషాలు ఆడితే బాగుపడతాడని మీరన్న మాట కొందరి విషయంలో నిజం. ఇతని విషయంలో నాకలా అనిపించదు. ఇతనికి కావలసింది ఆట నిమిషాల కంటే ముందు ఒక వేసవి వెయిట్ రూమ్.

ప్రశ్న: అతను పది పాయింట్లు దాటతాడని పందెం కాశాను. ఏడు దగ్గర ఆగాడు. నాకు కోపం రాదా?

వస్తుంది. మీ మీద రావాలి. ఒక్కో కాలేజీ ఆటగాడి పాయింట్ల మీద కాసే ఇలాంటి పందేల వల్లే కుర్రాళ్లకి బెదిరింపులు వస్తున్నాయని ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024లో వీటిని ఆపమని రాష్ట్రాలని కోరారు. ఒహాయో, మేరీల్యాండ్, లూసియానా లాంటివి ఆపేశాయి. మీ రాష్ట్రం ఇంకా ఆపలేదు కాబోలు.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, స్కూలు జట్టులో గార్డ్. ఈ కుర్రాడంటే ప్రాణం. వాళ్ల నాన్న టీవీ ముందు కూర్చుని అతన్ని తిడుతుంటే వీడు లేచి గదిలోకి వెళ్లిపోతాడు. ఇద్దరికీ ఏం చెప్పాలి? (ఒక తల్లి)

అమ్మా, మీవారికి ఇది చదివి వినిపించండి. అబ్బాయి లేచి వెళ్లేది వాళ్ల హీరోని అన్నందుకు మాత్రమే అయ్యుండదు. తను కూడా రేపు స్కూల్లో షాట్ మిస్ చేస్తాడు. ఇంట్లో ఆ షాట్ గురించి ఏమనుకుంటారో వాడికి ముందే తెలిసిపోతోంది. మొదటి జవాబులో చెప్పిన చూపు ఉంది చూశారా, బంతి రింగుకి తగలగానే బెంచి వైపు తిరిగే చూపు? అది కాలేజీలో పుట్టదు.

మానమంటే ఎలాగూ మానరు కాబట్టి పని ఒకటి పెట్టండి. వచ్చే మ్యాచ్‌లో తండ్రీ కొడుకూ చెరో కాగితం పట్టుకుని కూర్చోవాలి. ఆ కుర్రాడు కోర్టులో ఉన్నంతసేపూ బంతిని చూడకూడదు, అతన్నే చూడాలి. షాట్ మిస్ అయ్యాక వెంటనే వెనక్కి పరిగెత్తాడా లేదా? తను కాసేవాడి చేతిలో బంతి లేనప్పుడు తల రెండువైపులా తిప్పి చూస్తున్నాడా? స్క్రీన్ వస్తోందని తోటివాడికి అరిచి చెప్పాడా? అవునైతే ఒక గీత, కాకపోతే ఒక సున్నా. పాయింట్లు రాయొద్దు, అవి టీవీవాళ్లు రాస్తారు. ఇద్దరి కాగితాలూ కలవకపోతే వాదించుకోనివ్వండి. ఆ వాదన వేరుగా ఉంటుంది. మా క్రూలో కొత్తగా చేరినవాళ్లకి ఆట చూడటం నేర్పేటప్పుడు నేను చేయించేది ఇదే. మొదటి రోజు అందరూ బంతి వెంటే చూసి ఖాళీ కాగితం ఇస్తారు.

ప్రశ్న: ఇంత చెప్పారు. వచ్చే ఏడాది స్టార్టింగ్ ఐదుగురిలో ఉంటాడా, ఉండడా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఉండడు. మీ జట్టు గార్డుల్లో ఇద్దరికి ఇంకో ఏడాది అర్హత మిగిలి ఉంది, ఇద్దరూ ఇతని కంటే డిఫెన్స్ బాగా ఆడతారు. బెంచి నుంచి మొదట లేచేవాడు అవుతాడని నా అంచనా. ఫౌల్స్ తగ్గితేనే అది కూడా. మూడు పాయింట్ల శాతం గురించి మాత్రం జనవరి దాకా నాకు ఉత్తరం రాయకండి.